శాస్త్రీయ సంగీత కచేరీ: ప్రత్యక్ష ప్రసారమా, ముందే రికార్డు చేసిన వీడియోనా? ఏది మేలు?

2018లో బ్రిటన్‌కు చెందిన పియానో కళాకారుడు జేమ్స్ రోడ్స్ స్వయంగా వాయించిన జర్మన్ స్వరకర్త బాఖ్ రచనను ఫేస్‌బుక్‌లో పెడితే, అందులో 47 సెకన్ల సంగీతం సోనీ మ్యూజిక్‌ది అంటూ యాంత్రిక తనిఖీ ఆ భాగం శబ్దాన్ని ఆపేసింది. బాఖ్ మరణించింది 1750లో. 2020లో కచేరీ శాలలు మూతపడి కళాకారులంతా ఆన్‌లైన్‌కు వచ్చినప్పుడు, ఇదే అన్యాయం మరెందరికో ఎదురైంది.

రచన మీద హక్కు వేరు, దాన్ని పాడి చేసిన రికార్డింగు మీద హక్కు వేరు. భారతీయ చట్టం ప్రకారం రచనకు రచయిత మరణానంతరం 60 ఏళ్లు, రికార్డింగుకు అది వెలువడిన నాటి నుంచి 60 ఏళ్లు రక్షణ ఉంటుంది. 1847లో పరమపదించిన త్యాగరాజస్వామి కృతులను ఎవరైనా పాడుకోవచ్చు గానీ, ఒక కంపెనీ ఇటీవల విడుదల చేసిన ఆల్బమ్‌ను ఎత్తి పెట్టకూడదు. యూట్యూబ్‌లోని కంటెంట్ ఐడీ వంటి వ్యవస్థ ధ్వనిని తన దగ్గరున్న నమూనాలతో పోల్చి చూస్తుంది. పాడుతున్నది మీరా, ఆ ఆల్బమా అన్న విచక్షణ దానికి లేదు. ఒకే స్వరలిపిని అక్షరం పొల్లుపోకుండా అనుసరించే పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో ఇద్దరు వాయించినది దగ్గరగా ఉండడం సహజం కనుక పొరపాట్లకు అక్కడ అవకాశం మరీ ఎక్కువ.

ప్రత్యక్ష ప్రసారంలో శ్రోతతో కలిగే సాన్నిహిత్యానికి సాటి లేదు, నిజమే. అయితే యంత్రం పొరబడితే దెబ్బ తగిలేది కూడా అక్కడే: శబ్దం ఆగిపోవచ్చు, ప్రసారమే నిలిచిపోవచ్చు. తర్వాత అభ్యంతరం చెప్పి గెలిచినా, వెళ్లిపోయిన శ్రోతలు తిరిగి రారు. గంటన్నర కచేరీకి వారాల తరబడి సాగే విచారణ ఏ న్యాయం చేయగలదు?

రికార్డు చేసిన వీడియోకు ఆ ఒత్తిడి లేదు. యూట్యూబ్ 2021లో తెచ్చిన ముందస్తు తనిఖీ వల్ల, వీడియోను జనానికి చూపకముందే క్లెయిమ్ (అందులోని సంగీతం తమదని హక్కుదారు పేరిట వచ్చే దావా) ఉందో లేదో చాలావరకు తెలుస్తుంది. క్లెయిమ్ వస్తే వివాదం దాఖలు చేయవచ్చు. అవతలి పక్షం 30 రోజుల్లో బదులివ్వకపోతే క్లెయిమ్ రద్దవుతుంది. వాళ్లు తిరస్కరిస్తే అప్పీలుకు వెళ్లవచ్చు, దానికి వాళ్లు బదులివ్వడానికి గడువు 7 రోజులు. ఆదాయం వచ్చే ఛానెలైతే క్లెయిమ్ వచ్చిన 5 రోజులలోపే వివాదం వేయడం మంచిది, ఎందుకంటే అప్పుడు మొదటి రోజు నుంచి వచ్చిన సొమ్మును ఎవరికీ ఇవ్వకుండా నిలిపి ఉంచుతారు. చాలామంది భయపడే స్ట్రైక్, అంటే ఛానెల్‌పై పడే శిక్ష, క్లెయిమ్ వల్ల రాదు, వివాదం వేసినంత మాత్రాన కూడా రాదు. అవతలివారు చట్టబద్ధంగా తొలగింపు కోరినప్పుడే వస్తుంది. ఈ తేడా తెలియక, న్యాయం తమ వైపున్నా మౌనంగా ఊరుకునే గాయకులను తలచుకుంటే బాధ కలుగుతుంది.

అయితే వివాదం వేసే ముందు రచన ఎవరిదో చూసుకోవాలి. 1961లో మరణించిన మైసూరు వాసుదేవాచార్యుల కృతులపై మన దేశంలో హక్కుల గడువు 2021తో ముగిసింది. 2016లో మరణించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ తిల్లానాలకు మాత్రం 2076 వరకు రక్షణ ఉంది. వాటి విషయంలో వచ్చే క్లెయిమ్ యంత్రం తప్పు కాకపోవచ్చు.

సొంత వెబ్‌సైట్‌లో కచేరీ పెట్టుకునే మూడో దారిలో ఈ బెడద తక్కువే గానీ, పేరున్నవారికి తప్ప శ్రోతలు దొరకడం కష్టం.

కాబట్టి ప్రధాన కచేరీకి రికార్డింగే మేలని నా నిశ్చితాభిప్రాయం. వీడియోను తగినంత ముందుగా ఎక్కించి, తనిఖీ పూర్తయ్యాక ప్రకటించిన వేళకు ప్రీమియర్‌గా విడుదల చేస్తే, కళాకారుడు ఆ సమయంలో శ్రోతలతో చాట్‌లో మాట్లాడవచ్చు కూడా. ప్రత్యక్షంగానే పాడాలనుకునేవారు తమ దగ్గర విడిగా మరో రికార్డింగు తప్పనిసరిగా చేసుకోవాలి; ప్రసారం మధ్యలో తెగినా పూర్తి కచేరీని మరునాడు శ్రోతలకు అందించగలుగుతారు.