వలకో అంచు, మోకుకో అంచు: రంపపు పళ్లున్న జేబుకత్తులపై నా సమీక్ష

ఒడిశాలోని గోపాల్‌పూర్ తీరంలో మా తెలుగు జాలరులు కత్తి కొనేటప్పుడు అడిగేది ఒక్కటే: తడిసిన నైలాన్ మోకు తెగుతుందా? నున్నటి అంచు ఎంత సానపట్టినా తడి తాడు మీద జారుతుంది. పళ్ల అంచు పట్టుకుంటుంది. అయితే పళ్లన్నీ ఒకటి కావు. మూడు రకాలను ఏళ్ల తరబడి వాడి చెబుతున్నాను.

ఒక పెద్ద గాటు, పక్కన రెండు చిన్న గాట్లు వరుసగా వచ్చేది మొదటి రకం. 1982లో మారినర్ అనే మడతకత్తికి పళ్లు పెట్టిన స్పైడర్కో కంపెనీ కత్తుల మీద కనిపించే వరుస ఇదే. పంటి మొన పోగును పట్టుకుంటుంది, కోసేది లోపలి వంపు. మొనలు మొద్దుబారినా వంపు పదును నిలుస్తుంది, అది చెక్కకూ ఇనుముకూ తగలదు కదా. బొటనవేలంత మోకు రెండు మూడు లాగుళ్లలో తెగుతుంది. కోత మాత్రం పీచుపీచుగా వస్తుంది, కొసను నిప్పుతో కాల్చి అతికించాల్సిందే.

సూదిమొన పళ్లు దగ్గరదగ్గరగా ఉన్న రకం కొత్తలో మహా దూకుడు. వల దగ్గర మాత్రం దాన్ని జేబులోంచి తీయను. సన్నదారం పళ్ల మధ్య ఇరుక్కుని, వలలో ఒక కన్ను కోయబోతే చుట్టుపక్కల కళ్లన్నీ లాక్కొస్తుంది.

లోతు తక్కువ ఉన్న అలల అంచు మోకు మీద నెమ్మది, వలకు హాయి. రుషికుల్య నది ముఖద్వారానికి ఆలివ్ రిడ్లీ సముద్రపు తాబేళ్లు వచ్చే రోజుల్లో ఒకటి వలలో చిక్కిందంటే, రెక్కకు బిగిసిన దారం కింద బ్లేడు దూర్చాలి. మొన లేని బ్లేడుకు ఈ అంచు ఉంటే చర్మం గీరుకోకుండా దారం తెగుతుంది. తాబేలు ఊరుకోదు, రెక్కతో కొడితే చేయి వాస్తుంది.

పళ్లు సాధారణంగా ఒక వైపే చెక్కి ఉంటాయి. అందుకే కోత పక్కకు లాగుతుంది, ఎడమచేతివాటం వాళ్లు చూసుకుని కొనాలి. సాన కూడా ఆ వైపు నుంచే. కొస సన్నబడే గుండ్రటి డైమండ్ పుల్లతో ఒక్కో గాటునూ రుద్ది, వెనుక వైపును రాయి మీద పడుకోబెట్టి లాగితే సానతో అంచున లేచిన సన్నటి రేకు పోతుంది. వీధిలో వచ్చే సానవాడికి ఇవ్వకండి, చక్రం మీద పెట్టి పళ్లన్నీ అరగదీస్తాడు.

ఉప్పుగాలికి తుప్పు మొదలయ్యేది గాట్ల మూలల్లోనే. నైట్రోజన్ కలిపిన హెచ్-1 ఉక్కుకైతే ఆ బెంగ లేదు, ధర వింటే వేరే బెంగ.