మామిడి తోట: కాపు కొనాలా, కౌలుకు పట్టాలా?

చిత్తూరు ప్రాంతంలోని బంగారుపాళ్యం, దామలచెరువు వైపు తోతాపురి మామిడి పూత నిలిచిందంటే బేరాలు మొదలైనట్టే. కొందరు ఆ ఏటి కాపు వరకే గుత్తగా కొంటారు. కొందరు తోటనే మూడేళ్లకో అయిదేళ్లకో కౌలుకు పడతారు. కాపుకు డబ్బు కట్టి కౌలుదారు హక్కులు చూపించబోతేనే గొడవలు పంచాయితీ దాకా పోతాయి.

ముందు కాపు సంగతి. 1908 రిజిస్ట్రేషన్ చట్టం చెట్టుమీద కాయను చరాస్తి కిందే లెక్కగట్టింది. అందుకే కాపు కొనడానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కాయ కొన్నవాడు దాన్ని కోసుకోవడానికి తోటలోకి వెళ్లాలి కదా, ఆ అనుమతి బేరంలోనే ఉంటుంది. 1882 ఈజ్‌మెంట్స్ చట్టంలో అచ్చంగా ఇలాంటి ఉదాహరణే ఉంది: చెట్లు అమ్మితే, కొన్నవాడు ఆ నేలలోకి వెళ్లి వాటిని తీసుకుపోవచ్చు. అమ్మిన సరుకుతో ముడిపడిన అనుమతిని యజమాని మధ్యలో వెనక్కి తీసుకోలేడు. జూన్‌లో రేటు పెరిగిందని గేటుకు తాళం వేస్తానంటే చెల్లదన్నమాట.

కానీ ఆ హక్కు కాయ దాకానే. నేల యజమానిదే. చెట్ల మధ్య ఆయన ఉలవలు చల్లుకుంటే, కాయకు నష్టం లేనంతవరకు కాదనలేం. మనం కాపలా గుడిసె వేసుకున్నా కోత అయ్యాక పీక్కుపోవాల్సిందే. ఎండుకొమ్మలు వంటచెరకుకు కొట్టుకోవడం, యజమాని బోరుకు మన పైపు తగిలించడం కాగితంలో రాసుకుంటేనే. గుత్త బేరంలో గాలివానకు కాయ రాలితే, వేరే షరతు లేకపోతే, ఆ నష్టం దాదాపుగా కొన్నవాడిదే.

కౌలులో తోటే మన చేతికొస్తుంది. దున్నొచ్చు, ఎరువు వేయొచ్చు, డ్రిప్ మార్చుకోవచ్చు. గడువు లోపల యజమాని తోట అమ్మినా కొత్తాయన మన కౌలును మన్నించాలి. అయితే ఏడాది దాటిన కౌలు రిజిస్టరు కావాలి. స్టాంపు పేపరు మీద అయిదేళ్లని రాసుకుని సంతకాలు పెట్టుకుంటే, కోర్టులో ఆ అయిదేళ్ల గడువును ఆ కాగితంతో రుజువు చేయలేం. చాలామంది దగ్గర ఉండేది ఆ కాగితమే.

రిజిస్ట్రేషన్ అనగానే యజమానికి టెన్షన్. పొలం చేయి జారిపోతుందేమోనని. ఆ భయానికి విరుగుడుగానే ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చారు. యజమాని సంతకంతో పదకొండు నెలల ఒప్పందం, దానిమీద సాగుదారు కార్డు. పంట రుణానికి, బీమాకు అది పనికొస్తుంది, భూమి హక్కు మాత్రం యజమానిదే. కాపు కొన్న వ్యాపారి సాగుదారు కాదు కాబట్టి ఆ దారి ఆయనకు లేదు. 2025లో తోతాపురి ధర పడిపోయినప్పుడు ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు కలుపుతామంది. అలాంటి సాయం వస్తే ఎవరి ఖాతాలో పడాలో ఏ రకం బేరమైనా ముందే రాసుకోవాలి.

యజమాని వైపు నుంచి చూస్తే కౌలులో అసలు భయం కల్టార్ అనే పూత రప్పించే మందు. తక్కువ గడువు కౌలుదారు పూత కోసం దాన్ని మోతాదు మించి పాదుల్లో పోస్తే ఆ ఏడు కాపు బాగానే వస్తుంది. మందు నేలలో నిలిచిపోయి, తర్వాత చెట్టు చిగురు కుదించుకుపోతుంది. కౌలుదారు వెళ్లిపోయాక ఆ చెట్లతో వేగాల్సింది యజమానే. మోతాదు ఎంతో, ఏ ఏట పోయకూడదో కౌలు కాగితంలో పెట్టించుకునే యజమానిని అనుమానప్పక్షి అనుకోకండి.

నా మట్టుకు నేను చెప్పేది ఇది. చేతిలో డబ్బుండి, ఈ ఒక్క సీజను మండీకో గుజ్జు ఫ్యాక్టరీకో సరుకు తోలాలనుకుంటే కాపు కొనడమే మేలు. కాగితం చిన్నది, హక్కు గట్టిది. నేలలో ఒక్క రూపాయి పెట్టాలన్నా కౌలే, అదీ రిజిస్టరు చేసిన కౌలే. యజమాని రిజిస్ట్రేషన్‌కు ససేమిరా అంటే, అయిదేళ్ల మాటను నమ్మి డ్రిప్ వేయకుండా పదకొండు నెలల ఒప్పందంతో కార్డు తీసుకుని, పెట్టుబడి ఆ మేరకే పెట్టండి.