చాపని చాపలా పలకని యాప్ - ఐదుకి మూడు స్టార్లు

మా నాన్నగారికి గ్లకోమాతో చూపు బాగా తగ్గిపోయింది. ముప్పై ఏళ్లకు పైగా బడిలో తెలుగు చెప్పిన మనిషి, పొద్దున్నే పేపరు చదవందే కాఫీ ముట్టేవారు కాదు. ఆయన కోసమే ఫోన్లో ఉన్న తెలుగుని పైకి చదివి వినిపించే ఈ యాప్‌ని ఏడాదికి 999 కట్టి తీసుకున్నాను. రెండు నెలలు వాడాక రాస్తున్నా.

గొంతు బాగుంది, వేగం తగ్గించుకోవచ్చు, నెట్ లేకపోయినా పనిచేస్తుంది. సున్నాని అయితే చాలా బాగా పలుకుతుంది. పంకా, పంచె, పంట, పంది, పంపు అన్నిట్లో రాసేది ఒకటే సున్నా, కానీ దాని తర్వాత ఏ అక్షరం ఉంటే నోరు ముందే ఆ చోటికి సిద్ధమవుతుంది. అందుకే పంటలో ణ, పందిలో న, పంపులో మ వినిపిస్తాయి. ఇవన్నీ యాప్ సరిగ్గానే పలికింది.

చిక్కంతా చ, జ దగ్గరే. చీమలో చ వేరు, చాపలో చ వేరు. అచ్చ తెలుగు మాటల్లో ఇ, ఈ, ఎ, ఏ ముందు నాలుక అంగిలికి తగులుతుంది, అ, ఆ, ఉ, ఒ లాంటివి వస్తే పళ్ల దగ్గరకి జరుగుతుంది. మంచి, మంచు పక్కపక్కన అని చూడండి, తేడా తెలిసిపోతుంది. సంస్కృతం నుంచి వచ్చిన మాటలకి ఈ మార్పు లేదు, అందుకే చలి ఒకలా, చలనం ఇంకోలా. జడ, జనం కూడా అంతే. ఈ యాప్‌కి మాత్రం అన్నీ ఒకటే, చలినీ చదువునీ జొన్నరొట్టెనీ చంద్రుడిలో చ, జనంలో జ పెట్టి చదివేస్తుంది. మొదటి రోజే నాన్నగారు "ఇదేంట్రా, తెలుగు రానివాళ్లు చదివినట్టుంది" అని ఆపేయమన్నారు.

ఇంకో తప్పు 'వచ్చాడు'. రాతలో చా ఉన్నా అది వచ్చినాడు నుంచి కుదించుకున్న రూపం కదా, అక్కడ చాపలో చ రాదు, పైగా దీర్ఘం కూడా ఆ కి, ఏ కి మధ్యలో ఉంటుంది, బ్యాంకులో లాగా. యాప్ దాన్ని చాచి ఆ అనేస్తుంది. కథల్లో ప్రతి పేరాలోనూ ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు, ఇక వినేదెలా?

ఇది యంత్రానికి చెప్పలేనిదేం కాదు. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలోనే దంత్య (పళ్ల దగ్గర పలికే), తాలవ్య (అంగిలికి తగిలే) చజల సంగతి ఉంది. బ్రౌన్ 1852 నిఘంటువులో దంత్య చ, జ ఉన్న మాటల్ని ౘ, ౙ అని వేరే గుర్తుతో అచ్చువేశారు, అంటే జాబితా ఎప్పుడో తయారైపోయింది. యూనికోడ్‌లోనూ ఆ రెండక్షరాలు ఉన్నాయి. నేను ౘాప అని టైప్ చేసి చూశాను, ఆ అక్షరాన్ని వదిలేసి 'ఆప' అని చదివింది! తయారు చేసినవాళ్లకి ఇదంతా మెయిల్ చేశాను, పరిశీలిస్తామన్నారు.

వార్తలు, కరెంటు బిల్లు, వాట్సాప్ మెసేజ్‌లు వినడానికైతే తీసుకోండి. కథలు మాత్రం ప్రస్తుతానికి రాత్రిపూట నేనే చదివి వినిపిస్తున్నా.