వలస తల్లుల సంతానం లెక్కకట్టడానికి ఏది మేలు: టీఎఫ్ఆరా, జీవితకాల లెక్కా, కాన్పుల వరుసా?

ఫ్రాన్స్‌లో 2017లో వలస మహిళల టీఎఫ్ఆర్ (మొత్తం సంతాన సాఫల్య రేటు, అంటే ఒక్కో స్త్రీకి సగటున ఎందరు పిల్లలో చెప్పే అంచనా) 2.6. అక్కడే పుట్టినవారిది 1.8. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టగానే 'వలస వచ్చినామె ఒక బిడ్డను దాదాపుగా ఎక్కువ కంటుంది' అని రాసేస్తారు. తప్పు అంకెల్లో లేదు, టీఎఫ్ఆర్‌ను వాడిన తీరులో ఉంది.

ఆ ఏడాది ఒక్కో వయసు స్త్రీలకు పుట్టిన పిల్లలను ఆ వయసు స్త్రీల సంఖ్యతో భాగించి, 15 నుంచి 49 ఏళ్ల దాకా వచ్చినవన్నీ కూడితే టీఎఫ్ఆర్. పుట్టిన దేశంలోనే ఉండిపోయినవారికి ఇది పర్వాలేదు. వలసదారుల దగ్గరే తేడా కొడుతుంది. ఏటా వంద మంది 20వ ఏట వచ్చి 22, 25 ఏళ్లకు ఇద్దరిని కంటున్నారనుకుందాం. ఇంకో వంద మంది 30వ ఏట వచ్చి 32, 35 ఏళ్లకు ఇద్దరిని కంటున్నారు. 22, 25 వయసుల్లో అక్కడున్నది మొదటి వంద మందే కాబట్టి రేటు 1, 1. 32, 35 వయసుల్లో రెండు వందల మందికి వంద మంది పిల్లలు, అంటే 0.5, 0.5. కూడితే 3. ఎవరూ ఇద్దరిని మించి కనలేదు, టీఎఫ్ఆర్ మాత్రం మూడు! రెండో గుంపు పిల్లలు లేకుండా గడిపిన ఇరవైల వయసు సొంత దేశం లెక్కలోకి పోయింది.

ఇది కాగితం మీది లెక్కే కాదు. పెళ్లి, వీసా, తొలి కాన్పు ఒకదాని వెంట ఒకటి వచ్చే చోటల్లా ఇదే జరుగుతుంది. పెళ్లయ్యాక హెచ్-4 (భర్త ఉద్యోగ వీసాను ఆనుకుని వచ్చే వీసా) మీద అమెరికా చేరే తెలుగు అమ్మాయిల సంగతీ అంతే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ టీఎఫ్ఆర్ 1.7, తెలంగాణది 1.8. సొంత రాష్ట్రాల్లోనే అంకె ఇంత తక్కువ కాబట్టి, అమెరికా చేరిన తొలి ఏళ్లలో కాన్పులు ఎక్కువగా కనిపిస్తే దాన్ని 'ఊరి అలవాటు' అనడానికి ఆధారమే లేదు.

జీవితకాల లెక్కలో ఈ గోల లేదు. 45 దాటిన స్త్రీని 'మొత్తం ఎంతమందిని కన్నారు?' అని నేరుగా అడగడమే. అమెరికాలో కరెంట్ పాపులేషన్ సర్వే జూన్ అనుబంధం ఈ ప్రశ్న అడుగుతుంది. ఇంట్లో ఉన్న పిల్లలను బట్టి లెక్కగడితే మాత్రం అమ్మమ్మ దగ్గర వదిలి వచ్చిన బిడ్డ జారిపోతుంది. జీవితకాల లెక్క అసలు లోపం ఆలస్యం: ఇప్పుడు 45 ఏళ్లున్నామె చెప్పేది పది, పదిహేనేళ్ల కిందటి కబురు. నిన్నగాక మొన్న వచ్చినవారి గురించి ఏమీ చెప్పదు.

నన్నడిగితే మూడోదైన కాన్పుల వరుసే మేలు. ఏ వయసులో వచ్చింది, అప్పటికి ఎందరు పిల్లలు, వచ్చిన ఎన్నేళ్లకు తర్వాతి కాన్పు అని ఒక్కో మెట్టుగా చూడటం. జనాభా శాస్త్రవేత్త లొరాఁ తులెమాఁ ఫ్రాన్స్‌లో 1990ల లెక్కలను వలసకు ముందటి కాన్పులతో కలిపి సరిచేస్తే, 2.5 దగ్గరున్న వలస మహిళల అంకె 2.2కి దిగింది. స్థానికులది 1.65. తేడా పోలేదు, తగ్గింది. చిన్నతనంలోనే వచ్చినవారి లెక్క స్థానికులకు దగ్గరగా తేలింది.

రెండో తరానికి ఈ పద్ధతి ఇంకా అవసరం. యూరప్‌లో వలసదారుల కూతుళ్లు తొలి, మలి కాన్పుల్లో స్థానికులకు దగ్గరగానో, కొన్నిచోట్ల వెనకో ఉంటారు. బ్రిటన్‌లో పాకిస్తానీ, బంగ్లాదేశీ మూలాలవారి వంటి కొన్ని వర్గాల్లో తేడా బాగా బయటపడేది మూడో కాన్పు దగ్గర. ఒకే సగటుగా చూస్తే ఇది కనబడదు.

చిక్కల్లా సమాచారంతోనే. తల్లిదండ్రులు ఎక్కడ పుట్టారో తెలియాలి. అమెరికన్ కమ్యూనిటీ సర్వే అది అడగదు. కరెంట్ పాపులేషన్ సర్వే 1994 నుంచి అడుగుతోంది. ఇంగ్లండ్ జనన నమోదులో తల్లి పుట్టిన దేశం ఉంటుంది, అమ్మమ్మది ఉండదు, కాబట్టి రెండో తరం 'ఇక్కడ పుట్టినవారి'లో కలిసిపోతుంది. స్వీడన్ జనాభా రిజిస్టర్‌లో ఈ వివరాలన్నీ దొరుకుతాయి గానీ, దేశం వదిలిపోయి చెప్పనివారి పేర్లు అందులోనే ఉండిపోతాయి. వారికి పిల్లలు పుట్టనట్టే లెక్క, రేటు అసలుకంటే తక్కువ వస్తుంది. కొన్నేళ్లుగా ఆదాయంగానీ, ప్రభుత్వ సాయంగానీ నమోదు కానివారిని తీసేసి మళ్లీ ఓసారి లెక్కవేసి చూడాలి.