మైక్రోనేషన్ 'ఖజానా'లో రూపాయలు వేయొద్దు: నెల్లూరు, ఒంగోలు వైపు నాణేలు కొనేవాళ్లకి హెచ్చరిక

నాణేలు, పాత నోట్లు, స్టాంపులు సేకరించే మన కావలి, నెల్లూరు, ఒంగోలు వాళ్లందరూ ఇది చదవండి. ఒక మైక్రోనేషన్ (తమంతట తామే దేశం అని ప్రకటించుకున్న, ఏ ప్రభుత్వమూ గుర్తించని బుల్లి 'దేశం') తరఫున అని చెప్పుకుంటూ కొందరు వాట్సాప్‌లో నాణేల సెట్లు, పౌరసత్వ పత్రం, పాస్‌పోర్టు లాంటి పుస్తకం అమ్ముతా ఉన్నారు. అంతటితో ఆగితే ఈ పోస్టు రాయాల్సిన పని ఉండేది కాదు. ఈ మధ్య 'జాతీయ ఖజానా ఖాతా' అని కొత్తది మొదలుపెట్టారు. మన రూపాయలు తీసుకుని వాళ్ల డబ్బుగా మార్చి జమ చేస్తారంట, దాని మీద వడ్డీ ఇస్తారంట, ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి మార్చుకోవచ్చంట. దాంట్లో ఒక్క రూపాయి కూడా వేయొద్దు.

నాకు జరిగింది చెప్తాను. నాణేల సెట్టు ₹6,500. స్వచ్ఛమైన వెండి అన్నారు. ఖజానా ఖాతాలో ₹40,000 వేయించారు. డబ్బు వెళ్లింది వేరే రాష్ట్రంలో ఒక మనిషి సొంత బ్యాంకు ఖాతాకి, యూపీఐలో. నాణెం చేతికొచ్చాక నెల్లూరు పెద్దబజారులో తెలిసిన వెండి కొట్టాయన దగ్గర చూపిస్తే పైన పూత, లోన ఇత్తడి అని తేల్చేశాడు. అదే మాట అమ్మినాయనకి చెప్తే, "అన్నా, నాణెం విలువ లోహంలో ఉండదు, దేశం మీద నమ్మకంలో ఉంటుంది" అన్నాడు. సరే, ఆ నమ్మకం లెక్కనే నా రూపాయలు నాకు మార్చివ్వమని అడిగాను. మొదట వాళ్ల 'మంత్రి' ఆమోదం కావాలన్నారు. తర్వాత వచ్చిన జవాబు ఇంకా ఘోరం: పౌరసత్వం వదులుకుంటే 18 శాతం పన్ను ముందుగా కట్టాలి, అదీ రూపాయల్లోనే. ఖాతాలో ఉన్న మీ డబ్బులోంచే కోసుకోండి అంటే కుదరదన్నారు.

వాళ్ల పన్నుకి వాళ్ల డబ్బే వాళ్లు తీసుకోరు. ఈ ఒక్క విషయం బాగా ఆలోచించండి. మన చేతిలో ఉన్న ఐదొందల నోటు కూడా కాగితమే. కానీ ఇంటి పన్ను, కరెంటు బిల్లు, రిజిస్ట్రేషన్ ఆఫీసులో స్టాంపు డ్యూటీ, అన్నీ ఆ రూపాయల్లోనే కడతాం. రిజర్వ్ బ్యాంకు చట్టం 1934లో 22వ సెక్షన్ ప్రకారం మన దేశంలో బ్యాంకు నోట్లు వేసే హక్కు రిజర్వ్ బ్యాంకుకి ఒక్కదానికే ఉంది. నోటు వెనక అంత బలం ఉంది. తను వేసిన డబ్బుని తనే పన్నుకి పుచ్చుకోని సంస్థ ఏ పేరు పెట్టుకున్నా అది డబ్బు కాదు. ఎగ్జిబిషన్లో జెయింట్ వీల్ టోకెన్ అయినా మేలు, కనీసం వీల్ ఎక్కిస్తాడు.

మన గ్రూపుల్లో కుర్రాళ్లు కొందరు అంటా ఉన్నారు: నిజం డబ్బు లేకపోతే మైక్రోనేషన్ అంటే ఉత్త ఆటే, నిజమైన ఆర్థిక వ్యవస్థ కట్టాలంటే నిజం డబ్బే కావాలి అని. వాళ్ల ఉత్సాహాన్ని నేను తప్పు పట్టను. నాకూ ఈ బుల్లి దేశాల నాణేలంటే ఇష్టమే. కానీ నిజం డబ్బుతో నడిచిన వాటిని చూడండి, దేన్ని అమ్మి నడిచాయో గమనించండి. ఇంగ్లండు తీరం అవతల సముద్రంలో యుద్ధకాలపు పాత కోట మీద 1967లో సీలాండ్ ప్రకటించుకున్నారు. వాళ్లు స్టాంపులు, నాణేలు, లార్డు బిరుదులు అమ్ముతారు. కొన్నవాడికి కాగితం చేతికొస్తుంది, లావాదేవీ అక్కడితో అయిపోతుంది. అమెరికాలో నెవాడా ఎడారిలో ఉన్న మొలోసియా తన డబ్బు వలోరా విలువని పిల్స్‌బరీ కుకీ పిండికి ముడిపెట్టింది. అది సరదా అని వాళ్లే చెప్తారు, మన దగ్గర పొదుపు సొమ్ము అడగరు. ఇటలీలో సెబోర్గా లుయిజినో నాణేన్ని ఆరు డాలర్లకి లెక్కగట్టారు, చూడ్డానికి వచ్చినవాళ్లు కొనుక్కుపోతారు. ఇదంతా వ్యాపారం. నాకు అభ్యంతరం లేదు.

హట్ రివర్ సంగతి వేరు. పశ్చిమ ఆస్ట్రేలియాలో గోధుమల మీద ప్రభుత్వం పెట్టిన కోటాల విషయంలో గొడవపడి ఒక రైతు 1970లో తన పొలాన్ని విడి దేశం అన్నాడు. దాదాపు 75 చదరపు కిలోమీటర్లు. సొంత డాలరు వేశారు, ఆస్ట్రేలియా డాలరుతో సమానం అన్నారు, టూరిస్టులు వచ్చారు, యాభై ఏళ్లు నడిచింది. అయినా ఆస్ట్రేలియా దాన్ని దేశంగా ఒప్పుకోలేదు, పన్ను వదల్లేదు. 2017లో కోర్టు దాదాపు 30 లక్షల డాలర్లు కట్టమంది. 2020లో మూసేసి, బాకీ తీర్చడానికి భూమి అమ్ముకోవాల్సొచ్చింది. అంత భూమి, అంత పేరు ఉన్నదానికే అట్లా అయితే, ఫోన్ నంబరు, లోగో తప్ప ఏమీ లేనివాళ్లు మన సొమ్ముకి ఏం పూచీ ఇస్తారు?

పూచీ లేని దేశం పేరుతో సొమ్ము దోచుకోవడం పాత పద్ధతే. 1822లో ఒక స్కాట్లాండు మనిషి మధ్య అమెరికాలో పోయాయిస్ అనే దేశం ఉందని చెప్పి లండన్‌లో రెండు లక్షల పౌండ్ల బాండ్లు అమ్మాడు. బయల్దేరిన వలసదారుల దగ్గర అసలు పౌండ్లు తీసుకుని పోయాయిస్ డాలర్లు ఇచ్చారు. దిగి చూస్తే అడవి. దాదాపు 250 మంది వెళ్తే ఎక్కువమంది చచ్చిపోయారు. 1999లో కరీబియన్ సముద్రంలో న్యూ యుటోపియా కడతామని బాండ్లు అమ్మబోతే అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ కోర్టుకెళ్లి ఆపించింది. 2025 జులైలో మన దేశంలోనే, ఘాజియాబాద్‌లో, వెస్టార్కిటికా, సెబోర్గా లాంటి మైక్రోనేషన్ల పేర్లతో నకిలీ రాయబార కార్యాలయం నడుపుతున్నాడని ఒకాయన్ని ఉత్తరప్రదేశ్ పోలీసుల ప్రత్యేక దళం (ఎస్టీఎఫ్) పట్టుకుంది. రాయబారి నంబరు ప్లేట్ల కార్లు, జెండాలు, అన్నీ ఉన్నాయి. కాబట్టి మీకు చూపించే జెండా, సీలు, 'కాన్సుల్' కార్డు చూసి లొంగొద్దు.

నెల్లూరు చరిత్ర తెలిసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. 1780లలో ఇక్కడ దగ్గర్లో పొలం దున్నే రైతుకి కుండలో రోమన్ బంగారు నాణేలు దొరికాయి, ట్రాజన్, హాడ్రియన్ కాలం నాటివి. రోము సామ్రాజ్యం పోయి ఎన్నో వందల ఏళ్లయినా అది బంగారమే. అందుకే చెప్తున్నా, నాణెం నచ్చితే నాణెంగానే కొనండి. వెండి అంటే బరువు, స్వచ్ఛత బిల్లు మీద రాయించుకోండి, ఊళ్లో పరీక్ష చేయించాకే పూర్తి డబ్బు ఇవ్వండి. ఖాతా అన్నారంటే ఒకటే అడగండి: నేను కొన్న రేటుకి ఇప్పుడే, ఇక్కడే, మీ దేశం డబ్బు పది యూనిట్లు వెనక్కి కొంటారా? నన్నడిగితే, మైక్రోనేషన్ నిజం డబ్బు తీసుకోవచ్చు, కానీ చేతికిచ్చే వస్తువుకే తీసుకోవాలి. రేపిస్తామనే మాటకి తీసుకోకూడదు. అట్లా డిపాజిట్లు పట్టడం మన దగ్గర 2019లో వచ్చిన అనియంత్రిత డిపాజిట్ల నిషేధ చట్టం కిందికి వస్తుంది.

వీళ్లు ఇప్పుడు రొయ్యలు పట్టిన వాళ్లనీ, పొగాకు వేలం డబ్బు పడిన వాళ్లనీ వెతుక్కుంటా ఉన్నారు. కొండపి వైపు మా బంధువుకి కూడా ఫోన్ వచ్చింది, పన్ను లేని దేశంలో దాచుకోమని. అగ్రిగోల్డ్ దెబ్బ తిన్న ఇళ్లు ఈ రెండు జిల్లాల్లో ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. ఆ ఇళ్లల్లో పెద్దవాళ్లకి ముందు చెప్పండి.

ఇప్పటికే వేసినవాళ్లు పన్ను పేరుతో అడిగే రెండో విడత కట్టొద్దు, కట్టినా మొదటిది రాదు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. యూపీఐ రసీదు మీద ఉండే యూటీఆర్ నంబరు, వాట్సాప్ మాటల స్క్రీన్‌షాట్లు, వాళ్లిచ్చిన ఖాతా వివరాలు దగ్గర పెట్టుకోండి. ఎంత తొందరగా చెప్తే ఆ ఖాతాలో సొమ్ము ఆపే అవకాశం అంత ఎక్కువ. నేను ఫిర్యాదు ఇచ్చాను, డబ్బు ఇంకా రాలేదు. వాళ్ల నాణేలు కొన్నవాళ్లు ఎవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి, ఫిర్యాదులు కలిపి ఇద్దాం.