ఏ సెల్ టార్చి కొనాలి?
అలిపిరి మెట్లు తెల్లారకముందే ఎక్కేవాళ్లకైనా, ఇంట్లో కరెంటు పోతే వెతుక్కోడానికైనా మా ఓటు ఒకే ఒక పెన్సిల్ సెల్ (AA) పట్టే టార్చికే. గోడగడియారంలో వేసే సెల్లే దానికీ సరిపోతుంది, తిరుపతిలో ఏ వీధి అంగట్లో అయినా దొరుకుతుంది.

మూడు సన్న రిమోట్ సెల్స్ పట్టేవి చవకే, కానీ వద్దు. పాతదీ కొత్తదీ కలిపి వేస్తే నీరసించిన సెల్ మిగతావాటి ధాటికి కారిపోతుంది.

అంగట్లోనే వెనక మూత విప్పి చూడండి. మర దగ్గర రబ్బరు రింగు లేకపోతే వానకు పనికిరాదు. రీఛార్జి సెల్ 1.2 వోల్టులే, మామూలుది 1.5. అందుకే రెండింటితోనూ వెలిగించి చూపించమనండి, కొన్ని మసకబారతాయి.

వాడనప్పుడు సెల్ తీసేయండి. ఆల్కలైన్ సెల్ కారి స్ప్రింగు మీద తెల్లపొడి కడితే, నిమ్మరసంలో తడిపిన దూదితో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి.