నల్లకోటా, రాజకీయమా: శ్రీకాకుళం కుర్ర ప్లీడరుకు ఏది మేలు?

మొన్న వాయిదాలు అయ్యాక మా జూనియర్ అడిగాడు: "సార్, జెడ్పీటీసీకి నిలబడమంటున్నారు. ప్రాక్టీసు వదిలెయ్యనా?" వాడికి అప్పుడు సగమే చెప్పాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

డబ్బు సంగతి ముందే తేలిపోతుంది. కొత్త ప్లీడరుకు మొదటి నాలుగైదేళ్లు ఇల్లు గడవడమే కష్టం. రాజకీయంలో ఆ కాస్తా రాదు సరికదా, చేతిది పోతుంది. అసెంబ్లీకి ధరావతు 10 వేలే, ఖర్చుకు చట్టం ఒప్పుకునే పరిమితి 40 లక్షలు. మన కుర్రాడికి ఆ సొమ్ము పెట్టినవాడు గెలిచాక ఊరుకోడు.

పని సంగతి అంత తేలిక కాదు. హిరమండలం వైపు నుంచి వంశధార ప్రాజెక్టు నిర్వాసిత రైతు ఒకాయన నా దగ్గరకు వచ్చేవాడు. ఎరువుల బస్తాతో కుట్టించుకున్న సంచిలోంచి పాస్‌బుక్కు, శిస్తు రసీదులు, అవార్డు (పరిహారం ఎంతో తేల్చిన ఉత్తర్వు) నకలు తీసి ప్రతిసారీ అదే వరసలో బల్ల మీద పరిచేవాడు. "ఈ వాయిదాకైనా తేల్తాదా బాబూ?" అనేవాడు. పాత భూసేకరణ చట్టం 18వ సెక్షన్ కింద రిఫరెన్సు అది, అంటే ఇచ్చిన పరిహారం చాలదని కోర్టు తేల్చాలని కోరే కేసు. గెలిచాం, పరిహారం పెరిగింది. ఆయన పొలంలోనే కూలికి వెళ్లిన పక్కింటివాడికి మాత్రం ఆ తీర్పుతో రూపాయి రాలేదు. వాడికి సెంటు భూమి లేదు కాబట్టి కోర్టు లెక్కలో వాడు లేనే లేడు. వాడి గురించి సభలో లేచి నిలదీసే మనిషి కావాలి. ఈ ఒక్క కారణానికే రాజకీయాన్ని నేను తక్కువ చెయ్యలేను.

వి.వి.గిరి గారిని చూడండి. బరంపురంలో ప్రాక్టీసు, రైల్వే కార్మికుల సంఘాలు, ఆ తర్వాతే ఎన్నికలు. 1937లో బొబ్బిలిలో, మద్రాసు ప్రభుత్వాన్ని నడిపిన బొబ్బిలి రాజానే ఓడించి, ఆ తర్వాత వచ్చిన కాంగ్రెస్ ప్రభుత్వంలో కార్మిక మంత్రి అయ్యారు. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు వెళ్లి కేంద్ర మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పు (అవార్డు) విషయంలో ప్రభుత్వంతో పొసగక 1954లో పదవి వదిలేశారు. వెనక వృత్తీ కార్మికులూ ఉన్న మనిషికే అలా లేచి రావడం సాధ్యమని నా నమ్మకం. 1957లో పార్వతీపురంలో ఓడిపోయారు. అది ఇద్దరు సభ్యుల స్థానం: ఒకటి జనరల్, ఒకటి గిరిజనులకు రిజర్వుడు. రెండు సీట్లూ గిరిజనులకే వచ్చాయి. రిజర్వుడు సీటుకు నిలబడినాయన జనరల్ సీటు ఎలా తీసుకుంటాడని ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1959లో కోర్టు కాదంది. గిరి గారంటే నాకు ఎంతో గౌరవం, అయినా ఆ తీర్పే న్యాయం.

మరి రెండూ చెయ్యకూడదా? చట్టం అడ్డు రాదు. ఎమ్మెల్యేలు, ఎంపీలు ప్రాక్టీసు చేసుకోవచ్చని 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. చిక్కు మన ఊళ్లలోనే ఉంది. భాగాల దావాలో తమ్ముడు మన క్లయింటు, అన్న ఇంట్లో ఎనిమిది ఓట్లు. ఆ అన్నను బోనులో గట్టిగా అడుగుతామా? అడిగితే ఓట్లు పోతాయి. మెత్తగా అడిగితే తమ్ముడు కనిపెట్టేస్తాడు. ఇక మన దగ్గరకు ఎవరూ కాగితాల సంచితో రారు. సభ జరిగే రోజు వాయిదా పడితే ఆ నష్టమూ క్లయింటుదే. అందుకే రెండూ ఒకేసారి వద్దంటాను. ముందు కనీసం పదేళ్లు కోర్టు, ఆ తర్వాత రాజకీయం. నిలబడే ముందు ఫైళ్లన్నీ నమ్మకమైన తోటి ప్లీడరుకు అప్పగించాలి.

మావాడికి ప్రాక్టీసు మొదలై మూడేళ్లే. చేతిలో పదిహేడు ఫైళ్లున్నాయి, రెండు నిర్వాసితులవి. ఈసారికి వద్దన్నాను. మొహం చిన్నబుచ్చుకున్నాడు. ఆ రెండూ తేల్చి, పదేళ్లు నిండాక ఆ ఊళ్లోనే నామినేషన్ వేస్తే, వాడి తరఫున ఇల్లిల్లూ తిరగడానికి నేనున్నాను.